డైటీషియన్లు మన ఊళ్లకూ కావాలి

సంపాదకుని గారికి,

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు షుగర్ అనగానే "అన్నం మానెయ్" అంటారు. బదులుగా ఏం తినాలో, ఎంత తినాలో చెప్పేవారు అరుదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి కూడా చలవని రోజూ కొబ్బరినీళ్లు పట్టిస్తారు. అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు! ఇది ఇరుగుపొరుగు సలహాతో తేలే విషయం కాదు; జబ్బును బట్టి ఏం తినాలో చెప్పే డైటీషియన్ కావాలి.

రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే పోషకాహారంలో పీజీ స్థాయి చదువు, ఆసుపత్రిలో శిక్షణ, ఆపైన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష ఉంటాయి. 2021 నాటి కేంద్ర చట్టం కూడా ఈ వృత్తిని గుర్తించింది. అయినా చాలామందికి ఇది బరువు తగ్గించే కోర్సే!

గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు, ఒడియా రెండూ వచ్చిన పిల్లలున్నారు. చోడి (రాగి) అంబలి తాగే రోగికి ఆ అంబలి లెక్కలోనే చెప్పగలరు. వారికి స్కాలర్‌షిప్‌లు, ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పోస్టులు ఇవ్వాలి.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి