హాలు లీజు ఎవరి చేతిలో ఉందో బోర్డు పెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం.

టికెట్ రేట్ల మీద మీ పేపర్లో ఎప్పుడూ వార్తలొస్తుంటాయి గానీ అసలు ఆ హాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో ఎవరూ రాయట్లేదు.

మొన్న ఆదివారం మా ఆవిడా నేనూ ఓ చిన్న సినిమాకి వెళ్ళాం. శుక్రవారమే రిలీజైంది, చూసినోళ్ళు బాగుందన్నారు. తీరా వెళ్తే గేటు దగ్గర కుర్రాడు దాని వాల్‌పోస్టర్ మీదే మైదా పూసి కొత్తది అంటిస్తున్నాడు, "ఎత్తేశారండి, ఆఫీసు నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. ఆ కొత్త సినిమా డిస్ట్రిబ్యూటరే ఈ హాలు లీజుదారుడట! అద్దె కట్టేదీ ఆయనే పుచ్చుకునేదీ ఆయనే, కుడిజేబులోంచి ఎడమజేబులోకి. చిన్న నిర్మాతకి అలా కుదరదు కదా, జనం వచ్చినా రాకపోయినా అద్దె కట్టాల్సిందే. 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు, అద్దె వద్దు, మల్టీప్లెక్సుల్లోలా కలెక్షన్లో పర్సెంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తాం అన్నారు, తర్వాత చల్లబడిపోయారు.

లీజుదారులది పూర్తిగా తప్పనను, వాళ్ళు ఏసీలు, సౌండు బాగుచేయించకపోతే సగం హాళ్ళు ఈపాటికి కల్యాణమండపాలు అయిపోయేవి.

కానీ అమెరికాలో సినిమాలు తీసే స్టూడియోలే హాళ్ళూ పెట్టుకోవడం మీద ప్రభుత్వం వేసిన పారామౌంట్ కేసులో 1948లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క చూడండి. ఐదు పెద్ద స్టూడియోలకి దేశం మొత్తం హాళ్ళలో ఉన్నది ఆరో వంతే, అదే లక్ష జనాభా దాటిన 92 ఊళ్ళలో ఫస్ట్ రిలీజ్ హాళ్ళయితే నూటికి కనీసం 70. కిటుకంతా అక్కడుంది, వంద హాళ్ళు అక్కర్లేదు, డబ్బులొచ్చే నాలుగు సెంటర్లు చాలు. ఆ కేసు తర్వాత స్టూడియోలు హాళ్ళు వదులుకోవాల్సొచ్చింది, 2020లో కాలం మారిందని కోర్టే ఆ ఆంక్షలు ఎత్తేసింది, అది వేరే సంగతి. మన ఉత్తరాంధ్ర ఏరియాకి జగదాంబ జంక్షన్, గాజువాక అలాంటి సెంటర్లే, సంక్రాంతికి అక్కడ షో దొరకని సినిమా శ్రీకాకుళంలో ఎన్ని రోజులు ఆడినా ఏం లాభం?

సొంత సినిమాకి సొంత హాలు ఉండకూడదని కాదు నేననేది. హాలు నడపడానికిచ్చే బీ ఫారం లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు లీజు ఎవరి పేరున ఉందో రాయించి, అది కలెక్టరేట్లోనూ హాలు గేటు దగ్గరా బోర్డు మీద పెట్టమనండి, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత వ్యాపారాల్లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే కాంపిటీషన్ కమిషన్ చూసుకుంటుంది.

మా ఆవిడేమో పోనీలే ఓటీటీలో చూద్దాం అంటోంది. ఆ ఓటీటీ వాళ్ళూ సొంతంగా సినిమాలు తీస్తున్నారని ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఓ పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం