మా హెర్గ్ రికార్డింగులను సరిదిద్దినవారందరికీ కృతజ్ఞతలు

అడగ్గానే కాదనకుండా మా ముడి రికార్డింగులన్నీ తెరిచి చూసి, ఏ ట్రేస్‌లో (కరెంటు గీతలో) ఏం తప్పు జరిగిందో పక్కనే రాసి పంపిన మేడమ్‌కు ముందుగా నమస్కారాలు. గుండె జబ్బుల్లోనూ మెదడు జబ్బుల్లోనూ అయాన్ చానెళ్లు (పొటాషియం, సోడియం వంటివి కణం పొర దాటే ద్వారాలు) ఎలా దెబ్బతింటాయన్నదే ఆవిడ పరిశోధన. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆవిడ చెప్పినవి మాత్రం మా దగ్గరే దాచుకోవాల్సినవి కావు, సన్నని గాజు పిపెట్‌తో కణం కరెంటు కొలిచే ప్యాచ్ క్లాంప్ ముందు కూర్చునే ఎవరికైనా పనికొస్తాయి. అందుకే థాంక్స్ అని ఒక్క ముక్కతో ఊరుకోకుండా, ఎవరి సాయంతో ఏది మారిందో వివరంగా రాస్తున్నాం.

పని ఇది. లాంగ్ క్యూటీ అనే వంశపారంపర్య గుండె జబ్బు ఉన్న ఒక కుటుంబంలో కేసీఎన్‌హెచ్2 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఆ జన్యువు నుంచి తయారయ్యే పొటాషియం చానెల్ పేరు హెర్గ్. గుండె కండర కణం ప్రతి స్పందన తర్వాత మళ్లీ విశ్రాంతి వోల్టేజీకి దిగి రావాలంటే దీని గుండా పొటాషియం బయటికి పోవాలి. అది తగ్గితే దిగి రావడం ఆలస్యమవుతుంది, ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి సాగుతుంది, అలా సాగినప్పుడు టోర్సాడ్ అనే ప్రమాదకరమైన లయ మొదలయ్యే వీలుంటుంది. 1995లో మార్క్ కీటింగ్ బృందం ఈ జన్యువుకూ లాంగ్ క్యూటీకీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. గుండెలో ఐకేఆర్ అని పిలిచే కరెంటు హెర్గ్‌దేనని తేలిందీ ఆ ఏడాదే. మేం తేల్చుకోవాల్సింది, ఈ కుటుంబంలో వచ్చిన మార్పు ఆ కరెంటును తగ్గిస్తోందా, తగ్గిస్తే ఏ దశలో అన్నది.

మేడమ్ మొదట పట్టుకున్నది సిరీస్ రెసిస్టెన్స్. పిపెట్ మొన నుంచి కణం లోపలికి కరెంటు వెళ్లే దారిలో ఉండే అడ్డు అది. మామూలు హెర్గ్ ఉన్న కణాల్లో మైనస్ 50 మిల్లీవోల్టుల దగ్గర తీసిన టెయిల్ కరెంటు (వోల్టేజీ దించాక చానెల్ మూసుకునేలోగా పోయే కరెంటు) 3 నానో ఆంపియర్లు, సిరీస్ రెసిస్టెన్స్ 8 మెగా ఓమ్‌లు అనుకోండి. రెండూ గుణిస్తే 24 మిల్లీవోల్టులు. అంటే తెర మీద మైనస్ 50 అని కనబడుతున్నా కణం పొర నిజానికి మైనస్ 74 దగ్గర ఉంది. బయట 4, లోపల 130 మిల్లీమోలార్ పొటాషియం ఉన్నప్పుడు దాని సమతౌల్య వోల్టేజీ (పొటాషియం ఏ వైపుకూ నికరంగా కదలని వోల్టేజీ) గది ఉష్ణోగ్రతలో సుమారు మైనస్ 88. పొటాషియంను బయటికి తోసే బలం 38 మిల్లీవోల్టులు ఉండాల్సింది 14కి పడిపోయిందన్నమాట. మ్యుటేషన్ (జన్యు మార్పు) ఉన్న కణంలో కరెంటు అర నానో ఆంపియరే అయితే అక్కడ తప్పు 4 మిల్లీవోల్టులు దాటదు. దీంతో ఆరోగ్యంగా ఉన్న చానెల్ కరెంటు ఒక్కటే అసలు కన్నా చిన్నదిగా నమోదవుతుంది, రెండిటి మధ్య తేడా కుంచించుకుపోతుంది. మ్యుటేషన్ చేసే నష్టాన్ని మన చేతులతో మనమే తక్కువ చేసి చూపించినట్టే. సగటుల గ్రాఫులో ఇది బయటపడదు. ముడి ట్రేస్ మొదట్లో వచ్చే కెపాసిటెన్స్ స్పైకు (కణం పొర చార్జ్ అయ్యేటప్పుడు క్షణకాలం ఎగిసే కరెంటు) ఎంత నెమ్మదిగా పడుతోందో చూస్తేనే దొరుకుతుంది. ఆవిడ చూసింది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు పిపెట్లు 2 నుంచి 3 మెగా ఓమ్‌లు వచ్చేలా లాగుతున్నాం. సిరీస్ రెసిస్టెన్స్ తప్పును ఆంప్లిఫయర్ సరిచేసే కంపెన్సేషన్ 80 శాతం పెడితే 24లో మిగిలే తప్పు 5 మిల్లీవోల్టుల లోపే. ఇంకా లాగి 90 దాటిస్తే ఆంప్లిఫయర్ ఊగిసలాటలో పడి కణం చచ్చిపోవచ్చు కాబట్టి ఆ ఆశ పడటం లేదు. రికార్డింగ్ మధ్యలో సిరీస్ రెసిస్టెన్స్ 20 శాతం కన్నా ఎక్కువ మారితే, ట్రేస్ ఎంత అందంగా ఉన్నా ఆ కణాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

గాజు గొట్టాన్ని వేడిచేసి మొన తీసే పిపెట్ పుల్లర్ దగ్గర ఓపికగా నిలబడి నేర్పిన ల్యాబ్ అన్నకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. ఎర్విన్ నెహర్, బెర్ట్ సాక్‌మన్ 1976లో కప్ప కండరం మీద ఒంటరి చానెల్ కరెంటు చూపించినప్పుడు గాజుకూ కణానికీ మధ్య గిగా ఓమ్ సీల్ (కరెంటు కారకుండా గట్టిగా అతుక్కోవడం) ఇంకా లేదు. శుభ్రమైన కొత్త పిపెట్, కొద్దిపాటి సక్షన్ తోడయ్యాకే అది సాధ్యమైంది. 1991లో వాళ్లకు నోబెల్ తెచ్చిన పనిలో ఆ శుభ్రతకు పెద్ద పాలే ఉంది. అన్న చెప్పేదీ అదే. లోపలి ద్రావణం 0.2 మైక్రాన్ల ఫిల్టర్ గుండానే పిపెట్‌లోకి పోవాలి. స్నానద్రావణాన్ని తాకకముందే పిపెట్‌లో పాజిటివ్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే నీటి పైపొర మీది చెత్త మొనకు అంటుకుంటుంది, ఇక ఆ పిపెట్‌తో సీల్ రాదు. లోపలి ద్రావణం ఆస్మొలారిటీ (కరిగిన పదార్థాల మొత్తం గాఢత) బయటిదాని కన్నా 10, 15 మిల్లీఆస్మోల్‌లు తక్కువ ఉంటే సీల్ తేలిగ్గా పడుతుంది, కణం ఉబ్బదు. ఏటీపీ కలిపిన ద్రావణాన్ని రోజంతా మంచు మీదే ఉంచాలి. పిపెట్‌లో ఎలక్ట్రోడ్‌గా ఉండే వెండి తీగను బ్లీచ్‌లో 15, 20 నిమిషాలు ఉంచితే ముదురు బూడిదరంగు పూత పడుతుంది. ఆ పూత మీద మెరిసే గీత ఒక్కటి కనబడినా తీగను మళ్లీ బ్లీచ్‌లో వేయాల్సిందే, లేకపోతే బేస్‌లైన్ నిమిష నిమిషానికీ జారుతుంది. ఆ జారుడును మందు ప్రభావం అనుకుని మోసపోవడం చాలా తేలిక.

మేం చానెల్ జన్యువును పెట్టి కొలిచే హెక్ 293 కణాలు (ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) పంపిన ల్యాబ్ వారికి కృతజ్ఞతలు. ప్రతి వయల్ మీదా పాసేజ్ నంబరు (కణాలను ఎన్నిసార్లు కొత్త పాత్రలోకి మార్చారో), మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకిందేమో చూసిన పరీక్ష తేదీ రాసి పంపారు. పాసేజ్‌లు పెరిగే కొద్దీ చానెల్ ఎక్స్‌ప్రెషన్ (కణంలో తయారయ్యే పరిమాణం) మారుతుంది కాబట్టి ఆ రెండు వివరాలూ లేని వయల్‌తో చేసిన పోలికకు విలువ ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ రుణపడింది మేడమ్ అడిగిన ఒక ప్రశ్నకు. "కరెంటు లేదంటున్నారు సరే, చానెల్ పాడైందా, పొర దాకా రాలేకపోయిందా?" హెర్గ్ దెబ్బతినడం వల్ల వచ్చే లాంగ్ క్యూటీ రెండో రకంలో, మిస్‌సెన్స్ మార్పుల్లో (ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారేవి) ఎక్కువ భాగం పొర దాకా రాలేని బాపతే. ప్రోటీన్ సరిగా మడతపడక కణం లోపలే ఆగిపోతుంది. దీన్ని ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి చూపే వెస్టర్న్ బ్లాట్‌లో కంటితో చూడవచ్చు. హెర్గ్‌కు రెండు బ్యాండ్లు వస్తాయి. సుమారు 135 కిలోడాల్టన్ల దగ్గర ఉండేది ఇంకా ముస్తాబు పూర్తికాని ప్రోటీన్, 155 దగ్గర ఉండేది చక్కెర గొలుసులు పూర్తిగా అమరి పొరకు చేరే ప్రోటీన్. పై బ్యాండు మాయమై కింది బ్యాండు దట్టంగా ఉంటే దారిలో ఆగిందని అర్థం. కణాలను 37 డిగ్రీలకు బదులు 27 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచి మళ్లీ చూడాలి. కొన్ని మార్పుల్లో చల్లదనానికి మడత కుదిరి పై బ్యాండు తిరిగి వస్తుంది, దానితోపాటు కరెంటూ వస్తుంది. రాకపోతే దోషం ఇంకోచోట ఉండవచ్చు. ప్యాచ్ ఒక్కటే పట్టుకు కూర్చుంటే ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

ఇంకో మాట కూడా ఆవిడదే. మనిషిలో మామూలు కాపీ ఒకటి, మారిన కాపీ ఒకటి ఉంటాయి కాబట్టి కణంలోనూ రెండూ ఉండాలి. హెర్గ్ నాలుగు ముక్కలు కలిస్తేనే ఒక చానెల్. సగం సగం ముక్కలు ఎలా పడితే అలా కలుస్తూ, ఒక్క చెడ్డ ముక్క చేరినా చానెల్ మొత్తం పనికిరాకుండా పోతే, పూర్తిగా మంచి చానెళ్లు 16లో ఒకటే మిగులుతుంది. కరెంటు సగానికి తగ్గడానికీ, 6 శాతానికి పడిపోవడానికీ ఎంత తేడా! అయితే పోల్చే కణాల్లో మంచి డీఎన్ఏ ఒక్కటే వేయకూడదు, ఖాళీ ప్లాస్మిడ్ (చానెల్ జన్యువు లేని డీఎన్ఏ వలయం) కలిపి మొత్తం డీఎన్ఏ పరిమాణం సమానం చేయాలి. ఆ ఖాళీ ప్లాస్మిడ్ మరిచిపోతే మ్యుటేషన్ మీద లేని నింద పడుతుంది.

మందుల పరీక్షల గురించి క్లుప్తంగా. టెర్ఫెనడిన్, సిసాప్రైడ్ వంటి మందులు హెర్గ్‌ను అడ్డుకుని గుండె లయ చెడగొట్టడం వల్లే అమెరికా మార్కెట్ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. మందు హెర్గ్‌ను అడ్డుకుంటుందా అని చూసే పరీక్షకు 2005 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకమే ఉంది. మందు నీటికి దూరంగా ఉండే రకమైతే ప్లాస్టిక్ గొట్టాల గోడలకు అంటుకుపోతుంది. మనం 1 మైక్రోమోలార్ పోశామనుకుంటాం, కణానికి అందేది అందులో కొంతే. గాజు సీసాలు, పొట్టి టెఫ్లాన్ గొట్టాలు వాడమని చెప్పినందుకు, చివర్లో ప్రతి కణం మీదా హెర్గ్‌ను అడ్డుకునే ఈ-4031 పోసి, అప్పటికీ మిగిలిన కరెంటును లెక్కలోంచి తీసివేయమన్నందుకు మేడమ్‌కు మరోసారి ధన్యవాదాలు.

ఫిట్స్ అని వచ్చిన ప్రతి బిడ్డకూ ఈసీజీ తీయించి క్యూటీ కొలిచే న్యూరాలజీ డాక్టరుగారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందక పడిపోయినా కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, చూసేవారికి మూర్ఛలాగే ఉంటుంది. లాంగ్ క్యూటీ రెండో రకంలో అలారం, ఫోన్ మోత వంటి హఠాత్తు శబ్దానికి పడిపోవడం ఒక గుర్తు. ఆ ప్రశ్న అడిగే తీరిక డాక్టరుకు ఉండటం ప్రాణాల మీది మాట. జన్యు రిపోర్టులో సోడియం చానెల్ అని కనబడగానే మందు నిర్ణయించకూడదని మా బృందానికి విడమర్చి చెప్పిందీ ఆయనే. డ్రావే సిండ్రోమ్ అనే పసితనపు మూర్ఛ జబ్బులో ఎక్కువమందికి ఎస్‌సీఎన్1ఏ అనే సోడియం చానెల్ జన్యువు దెబ్బతింటుంది. ఆ చానెల్ ముఖ్యంగా మెదడులో అదుపు చేసే న్యూరాన్లకు అవసరం. అసలే బలహీనపడ్డ ఆ న్యూరాన్లను కార్బమాజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ లాంటి సోడియం చానెల్ మందులు మరింత నొక్కేస్తాయి, ఫిట్స్ పెరగవచ్చు. అదే ఎస్‌సీఎన్8ఏ అనే మరో సోడియం చానెల్ జన్యువులో, చానెల్ మితిమీరి పనిచేసే మార్పు వస్తే ఇవే మందులు మేలు చేయవచ్చు. కరెంటు పెరిగిందా తగ్గిందా అని కొలవడం మాలాంటివాళ్ల పని. ఆ కొలత తప్పితే ఎవరికి నష్టమో ఆయన చెప్పాక పిపెట్ పట్టుకునే తీరే మారింది.

చివరగా రక్తం నమూనాలు ఇచ్చి, ఈసీజీలు పంచుకోవడానికి సంతకం చేసిన ఆ కుటుంబానికి. మీ ఫలితం ముందు మీకూ మీ గుండె డాక్టరుగారికీ చేరుతుంది, ఆ తర్వాతే బయటికి వస్తుంది. ఈలోగా డాక్టరుగారు చెప్పిందే మళ్లీ చెబుతున్నాం. బీటా బ్లాకర్ మీ అంతట మీరు ఆపవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పొటాషియం పడిపోతుంది, అది తగ్గితే హెర్గ్ కరెంటు ఇంకా తగ్గుతుంది కాబట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ గానీ, ఇన్‌ఫెక్షన్‌కు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ గానీ రాయబోతే, లాంగ్ క్యూటీ ఉందని ముందే చెప్పండి. ఇవన్నీ క్యూటీని సాగదీయగల మందులే. ఆ మాట ఒక చీటీ మీద రాసి ఇంట్లో ప్రతి ఒక్కరి పర్సులోనూ పెట్టుకోండి.