నాలుగో కాయిల్ కొనే ముందు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. అంబాసిడర్‌కి ఏడాది తిరక్కుండా మూడో ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుల్లో స్పార్క్‌కి కావాల్సిన వోల్టేజి పుట్టించేది) వేయించావన్నమాట! నాలుగోది మాత్రం అప్పుడే కొనకు. ఇలా వరసగా పోతున్నాయంటే తప్పు కాయిల్‌ది కావడం అరుదు. ఏదో దాన్ని ఉడకబెడుతోంది, లేదంటే లోపలి ఇన్సులేషన్‌ని చీలుస్తోంది.

తీసేసిన కాయిళ్ళు పారెయ్యలేదు కదా? మల్టీమీటర్ 200 ఓముల మీద పెట్టి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించు. 0.2, 0.3 చూపిస్తుంది, అది వైర్లదే. తర్వాత కాయిల్ మీది రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య కొలిచి, అందులోంచి ఆ అంకె తీసెయ్. నీది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజను, పాయింట్ల బండి, అంటే డిస్ట్రిబ్యూటర్‌లో మూసుకుంటూ తెరుచుకుంటూ కాయిల్ కరెంటుని కలిపి తెంపే స్విచ్చు ఉన్నది. కాయిల్‌కి వెళ్ళే వైరులో కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ లేకపోతే 3 ఓముల చుట్టుపక్కల రావాలి. 1.5 వచ్చిందా, దొంగ దొరికినట్టే. అది బ్యాలస్ట్‌తో కలిపి వాడాల్సిన కాయిల్. చూడ్డానికి రెండూ ఒకే డబ్బా, అదే క్లాంపులో కూర్చుంటాయి, కొట్టువాడు ఏది చేతికొస్తే అదిస్తాడు. 12 వోల్టులకి 3 ఓముల కాయిల్ 4 ఆంపియర్లు లాగుతుంది, అంటే 48 వాట్ల వేడి. 1.5 ఓములది 8 ఆంపియర్లు, 96 వాట్లు! కాయిల్‌తో పాటు పాయింట్లు కూడా మాడతాయి. చేతిలో ఉన్నది అదే అయితే 1.5 ఓముల బ్యాలస్ట్ సిరీస్‌లో వేయించు. అదీ బాగా కాలుతుంది, వైర్లకి దూరంగా రేకు మీద బిగించమను.

కొలత సరిగ్గానే ఉంటే ఛార్జింగ్ చూడు. ఇంజను కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. 15 దాటుతుంటే కటౌట్, అంటే ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్, పని చెయ్యట్లేదు. బ్యాటరీ నీళ్ళు తొందరగా ఇగిరిపోతున్నా అనుమానం దాని మీదే. ఇంకోటి, ఇంజను ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి పాటలు వినే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉందేమో కనుక్కో. పాయింట్లు మూసుకుని ఆగితే ఆ 4 ఆంపియర్లూ ఆగకుండా పారుతూనే ఉంటాయి.

ఇక ఇన్సులేషన్ సంగతి, దీన్నే ఎవరూ పట్టించుకోరు. స్పార్క్‌కి దారి దొరక్కపోతే వోల్టేజి పెరిగి పెరిగి కాయిల్ లోపలే దూకుతుంది. అందుకే ప్లగ్గు గ్యాప్ 0.6 మి.మీ. దగ్గర ఉంచు. అరిగి 1 మి.మీ. దాటిన ప్లగ్గులు తీసి పడెయ్. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే మధ్య వైరు రెండు చివర్లా గట్టిగా దిగిందా, క్యాప్ లోపలి కార్బన్ ముక్క ఉందా, దాని కింద తిరిగే రోటర్ మాడిందా చూడు. నడుస్తున్న ఇంజను మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి మిస్సింగ్ పట్టుకుంటారే మన మెకానిక్కులు, ఆ పని చెయ్యనివ్వకు, కాయిల్‌ని చంపేది అదే. స్పార్క్ చూడాలంటే మధ్య వైరుని ఇన్సులేటెడ్ పట్టకారుతో బ్లాక్‌కి 5, 6 మి.మీ. దూరంలో పట్టుకుంటే చాలు. ఇంతింత దూరం దూకించి గొప్పలు పోనక్కర్లేదు.

పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. ఫీలర్ గేజ్ పెట్టి చూడు, కంటి అంచనా వద్దు. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఎక్కువసేపు మూసుకుని ఉంటాయి, కాయిల్ ఇంకా వేడెక్కుతుంది. పాయింట్లు మాటిమాటికీ నల్లబడుతుంటే వాటితో పాటు ఉండే కండెన్సర్ మార్చు, చవకే.

అసలు కాయిల్ పోయిందో లేదో కూడా చూడాలి సుమా. మన మే నెల ఎండల్లో అరగంట నడిచి ఆగి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయ్యే బండికి పెట్రోల్ పైపులో ఆవిరి పట్టి ఉండొచ్చు. ఆగిన వెంటనే స్పార్క్ చూడు: నీలంగా టపటపా కొడుతుంటే కాయిల్‌ది తప్పు లేదు, ఇంజనుకి పెట్రోల్ అందించే పంపు సంగతి చూడు. స్పార్క్ లేకపోతే ఆ వేడి మీదే ఓములు కొలువు. చల్లారాక కొలిస్తే చచ్చిన కాయిల్ కూడా బాగున్నట్టే చూపిస్తుంది.

పాత మూడింటి కొలతలూ, ఛార్జింగ్ వోల్టేజీ రాసి పంపు. ఈలోగా కొత్తది కొనక తప్పకపోతే మీటర్ జేబులో వేసుకుని వెళ్ళి, కొట్లోనే కొలిచి డబ్బులివ్వు.

నీ
రాఘవ