వాన రోజు చెన్నైలో మన అమరావతి

ఎడిటర్ గారికి నమస్కారం.

పని మీద చెన్నై వెళ్లి, వానకి లాడ్జి రూములో ఇరుక్కుపోయే మనవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. మొన్న నవంబర్‌లో మెషిన్ సర్వీసుకి వెళ్తే రాత్రంతా కుండపోత, తెల్లారేసరికి ఫ్యాక్టరీ సెలవని ఫోన్ వచ్చింది. అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి ఇలాంటి సెలవులు మామూలే, అలాంటప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది టీవీ పెట్టుకుని పడుకుంటారు, లేదంటే టీనగర్‌లో బట్టలు కొనడానికి వెళ్తారు. నేను గొడుగు తీసుకుని ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాను.

మాది గుంటూరు. అమరావతి చిన్నప్పటి నుంచీ తెలుసు, గుడికి వెళ్లినప్పుడల్లా స్తూపం దగ్గర ఆగుతాం, అక్కడ కనిపించేది ఒక పెద్ద దిబ్బ, కొన్ని రాళ్లు. ఆ స్తూపానికి చుట్టూ ఉన్న శిల్పాల్లో పెద్ద భాగం ఎగ్మోర్‌లో ఉంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో దిబ్బ తవ్వుతుంటే రాళ్లు బయటపడ్డాయి, ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, తర్వాత 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా పలకలు మద్రాసు పంపాడు, వాటిలో కొన్ని అక్కణ్ణుంచి లండన్ వెళ్లిపోయాయి. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. కానీ మన పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఆ బొమ్మల ముందు నిలబడితే కలిగేది వేరు.

బుద్ధుణ్ణి చంపడానికి దేవదత్తుడు వదిలిన నాలాగిరి అనే ఏనుగు కథ చెక్కిన పలక దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. రెండో శతాబ్దం నాటిది. ఒకే గుండ్రటి పలకలో కథంతా నడుస్తుంది, ఒక పక్క మదమెక్కిన ఏనుగు తొండంతో మనిషిని పట్టుకుని వీధిలో పరిగెడుతుంటుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకాళ్ల మీద వంగిపోయి ఉంటుంది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు, కింద ఒకావిడ భయపడి వెనక్కి ఒరిగిపోయింది. ఆ భయం రాతిలో ఎలా పట్టుకున్నారో! ఆ శిల్పుల పేర్లు మనలో ఎవరికీ తెలియవు, ఊరు మాత్రం మనదే.

అదే ఆవరణలో 1896లో తెరిచిన కన్నెమరా లైబ్రరీ ఉంది. 1954 చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి, అంటే తెలుగు పుస్తకాలు కూడా.

సాయంత్రం వాన కాస్త తగ్గాక ఆటోలో మైలాపూర్ వెళ్లాను. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. స్వాతంత్ర్య యోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లది, శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబర్ 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబర్ 15న ప్రాణం వదిలింది అక్కడే. బడిలో తేదీలు బట్టీపట్టాం, ఇల్లు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. అక్కడికి దగ్గర్లోనే కాశీనాథుని నాగేశ్వరరావు గారి పేరు మీద పార్కు ఉంది, 1914లో మద్రాసులో ఆంధ్రపత్రిక దినపత్రిక పెట్టిన మనిషి ఆయన, ఈ సంగతి మీలాంటి పత్రికవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఒక్క వాన రోజులో చూడొచ్చు, చాలావరకు కప్పు కిందే. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, చిత్తూరు నుంచి ఉద్యోగాలకనీ ఆస్పత్రులకనీ ఎంతమంది వెళ్లొస్తుంటారు, వాళ్లకి ఈ దారి చెప్పేవాళ్లు లేరు. పేపర్లలో టూరిజం పేజీ అంటే ఎప్పుడూ కొండలు, జలపాతాలే. దయచేసి మీ ఆదివారం సంచికలో చెన్నైలోని మన తెలుగు చోట్లతో ఒక మ్యాప్ వేయండి. మన పురావస్తు శాఖ వారు కూడా ఎగ్మోర్‌లోని అమరావతి పలకల్లో ఏ కథ ఉందో బొమ్మలతో తెలుగులో చిన్న పుస్తకం వేసి, అమరావతిలోనే అమ్మితే బాగుంటుంది. స్తూపం చూసిన పిల్లలు మిగతాది ఎక్కడికి పోయిందని తప్పకుండా అడుగుతారు.

వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు