సమాజ శాస్త్రం, సామాజిక శాస్త్రం ఒకటి కావు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో సోషియాలజీని ఒకరోజు సమాజ శాస్త్రం అని, మరోరోజు సామాజిక శాస్త్రం అని వేస్తున్నారు. మా వీధిలో ఇంటర్ పాసైన ఒక అమ్మాయి అది చూసి, బడిలో చదివిన సోషలే మళ్లీ చదవాలేమో అనుకుని డిగ్రీలో ఆ సబ్జెక్టు వదిలేసింది. సంగతి తెలిసేసరికి సీట్లు నిండిపోయాయి. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, పక్కనే ఉండీ చెప్పలేకపోయానే అని బాధగా ఉంది.

సోషియాలజీ అనే మాటను 1839లో అచ్చులోకి తెచ్చింది ఫ్రాన్సు తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్. ఆయన ముందు 'సామాజిక భౌతిక శాస్త్రం' అనేవాడు. బెల్జియంకు చెందిన కెట్లే ఆ పేరును తన గణాంకాల పనికి వాడుకోవడంతో కొత్త పేరు కట్టాడు. లాటిన్‌లో సోషియస్ అంటే తోడు, సహచరుడు. దానికి శాస్త్రం, చర్చ అనే అర్థాలున్న గ్రీకు మాట లోగోస్ చేర్చాడు. వేరువేరు భాషల మాటలు కలిపితే మన వ్యాకరణంలో వైరి సమాసం అంటామే, అలాంటిదన్నమాట. ఆంత్రోపాలజీలో రెండు ముక్కలూ గ్రీకువే. ఆంత్రోపోస్ అంటే మనిషి కాబట్టి మనకది మానవ శాస్త్రం అయింది.

మన 'సమాజం' అనే మాట ఈ రెండు శాస్త్రాల పేర్లకంటే చాలా పాతది. పశువుల గుంపు సమజం, తక్కినవారి గుంపు సమాజం అంటుంది సంస్కృత నిఘంటువు అమరకోశం. దీర్ఘం ఒక్కటే తేడా! 1878లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు పెట్టింది 'సంఘ సంస్కరణ సమాజం'. అప్పట్లో సంఘం అంటే జనమంతా, సమాజం అంటే కొందరు కలిసి పెట్టుకున్న సంస్థ. ఇప్పుడు తిరగబడింది. జనమంతా సమాజం అయ్యారు. సంఘం అంటే మా కోనసీమలో డ్వాక్రా సంఘం, మత్స్యకారుల సంఘం, చర్చిలో ప్రార్థనకు కూడే సంఘం. ఎరువుల కోసం వెళ్లేది మాత్రం సొసైటీకి! బడిలోని సాంఘిక శాస్త్రం ఒక్కటే పంతులు గారి నాటి అర్థంతో నిలిచిపోయింది. ఇది చెప్పకుండా పిల్లల్ని తికమకపడకండి అంటే ఎలా?

దయచేసి సోషియాలజీకి సమాజ శాస్త్రం, ఆంత్రోపాలజీకి మానవ శాస్త్రం అనే వాడండి. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి లాంటివన్నీ కలిపి చెప్పేటప్పుడే సామాజిక శాస్త్రాలు అనండి. డిగ్రీ ప్రవేశాల వార్తల్లో తెలుగు పేరు పక్కనే సోషియాలజీ అని కూడా వేయండి. కౌంటర్ దగ్గర పిల్లలు అడిగేది ఆ మాటతోనే.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం