ఆ ట్యూబు ఇంకా నీ దగ్గర ఉందా?

రాజమహేంద్రవరం,
ఆదివారం, మధ్యాహ్నం.

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం భోగికి నాలుగు రోజుల ముందు అందింది. ఇప్పుడు ఆషాఢం నడుస్తోంది. ఇన్ని నెలలు జవాబు రాయనందుకు క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. నువ్వు పంపిన ఫొటోలు చూసి కూడా ఒక్క మాట పలకలేదు. తీరిక లేక కాదు. కారణం ఈ ఉత్తరంలోనే ఉంది, ఓపికగా చివరిదాకా చదువు.

ఇక్కడ అందరూ కులాసా. పెద్దవాడు ఇంటర్‌లో చేరాడు, చిన్నది పళ్లకు తీగ వేయించుకుంది, అత్తయ్యగారి మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, మీ అన్నయ్యగారు ఎట్టకేలకు ఇంటికి రంగులు వేయించారు. మిగతా కబుర్లు ఇంకోసారి రాస్తాను.

ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. నిరుడు శ్రావణంలో మీ తమ్ముడి పెళ్లిలో, హనుమకొండ విడిదింట్లో, నా చేతిసంచిలోంచి తీసి నీకు ఇచ్చిన ఆ నైట్ క్రీమ్ ట్యూబు, ముఖానికి రాసుకునేది, ఇంకా వాడుతున్నావా? ఆ తరువాత నేనే కొరియర్‌లో పంపిన మూడింటిలో ఏమైనా మిగిలాయా? మిగిలి ఉంటే ఈ రాత్రి రాసుకునే ముందు ఇది పూర్తిగా చదువు.

చిన్నది పుట్టిన తరువాత నా బుగ్గల మీద మంగు వచ్చిన సంగతి నీకు తెలుసు. కడియం బడికి బదిలీ అయ్యాక, రోజూ ఎండలో స్కూటరు మీద వెళ్లి వచ్చేసరికి అది ముక్కు మీదికీ పై పెదవి మీదికీ పాకింది. అప్పుడు మా వీధి చివరి మందుల షాపులో అడిగితే, అక్కడి అబ్బాయి ఏ చీటీ అడగకుండా ఒక నైట్ క్రీమ్ ఇచ్చి, "మేడం, పదిహేను రోజుల్లో మీరే చూస్తారు" అన్నాడు. అతను చెప్పినట్టే జరిగింది. రెండు వారాలకల్లా ముఖం తెల్లబడి, నునుపెక్కి, నూనె రాసిన ఇత్తడి చెంబులా మెరిసింది. బడిలో అందరూ అడిగారు, నువ్వూ అడిగావు. "ఇదే నా రహస్యం" అని నేను నవ్వుతూ నీ చేతిలో పెట్టాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టడం లేదు చిట్టీ.

అలా దాదాపు మూడేళ్లు రాశాను. మధ్యలో ఒకటి రెండు రోజులు మానితే ముఖం ఎర్రబడి చురచురలాడేది, మళ్లీ రాస్తే తగ్గేది. అందుకే అది మంచి మందే అనుకున్నాను. బుగ్గల మీద నూగు వెంట్రుకలు పెరిగాయి, గడ్డం చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచాయి. వయసు వల్లే అని సరిపెట్టుకున్నాను.

ఈ సంక్రాంతికి కోనసీమలో అత్తగారి ఊరు వెళ్లాం. వాడుతున్న ట్యూబు అయిపోయింది, కొత్తది వెంట తెచ్చుకోవడం మరచిపోయాను. నాలుగో రోజు భోగి. తెల్లవారుజామున పిల్లలు భోగిమంట వేస్తే, నేను పిడకల దండ పట్టుకుని మంట దగ్గరికి వెళ్లానో లేదో, ముఖానికి పచ్చిమిరపకాయ నూరి పట్టించినట్టు మండింది. దండ అక్కడే వదిలేసి నూతి దగ్గరికి పరుగెత్తి, చేద చేదకీ నీళ్లు ముఖాన కొట్టుకున్నాను. తెల్లవారి అద్దంలో చూసుకుంటే కళ్ల కింద నుంచి దవడ దాకా ఎర్రటి వాపు. పండగ మూడు రోజులూ చీకటి గదిలో, తడి గుడ్డ కప్పుకుని పడుకున్నాను. అరిసెలు వండుతున్న పొయ్యి పక్కకు కూడా వెళ్లలేకపోయాను. బంధువులు ఒకరు దిష్టి అన్నారు, ఒకరు అమ్మవారు అన్నారు. మీ అన్నయ్యగారు మాత్రం ఏమీ అనకుండా మర్నాడే దానవాయిపేటలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గర పేరు రాయించారు.

డాక్టరమ్మ మన ఈడుదే ఉంటుంది. "ముఖానికి ఏం రాస్తున్నారు?" అని అడిగింది. నేను "శనగపిండి, పసుపు, అంతే" అన్నాను. ఎందుకు అబద్ధమాడానో నాకే తెలియదు, సిగ్గేమో. ఆమె నా మాటకు ఎదురు చెప్పలేదు. దీపం ఉన్న ఒక భూతద్దం బుగ్గకు ఆనించి చాలాసేపు చూసి, ఆ అద్దంలో కనబడేదాన్ని నాకూ చూపించింది. నా బుగ్గ మీద ఎర్రటి దారపు పోగుల్లా రక్తనాళాలు అల్లుకుని ఉన్నాయి. "చర్మం ఎంత పలచబడిందో చూశారా? శనగపిండి ఈ పని చేయదమ్మా. ఇంటికి వెళ్లి, ముఖానికి రాసినవన్నీ ఒక కవరులో వేసి తీసుకురండి, ఖాళీవి కూడా" అంది. మర్నాడు ఐదు ఖాళీ ట్యూబులూ, ఒక కొత్తదీ ఆమె బల్ల మీద వరసగా పెట్టాను.

ఆమె పెన్నుతో ట్యూబు వెనకాల సన్నటి అక్షరాల మీద గీత గీసి చూపించింది. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటజోన్ 0.1 శాతం. మొదటిది మచ్చ రంగును తగ్గించేది, రెండోది పై చర్మాన్ని త్వరగా రాల్చి కొత్తది తెచ్చేది, మూడోది స్టెరాయిడ్. మంగుకు ఈ మూడింటి కలయిక నిజంగానే మందట, డాక్టర్లు కొన్ని వారాల పాటు కంటి ముందు ఉంచుకుని వాడిస్తారట. నేను వారాలకు బదులు ఏళ్లు వాడాను. స్టెరాయిడ్ రాసినప్పుడు చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోతాయి, ఎరుపూ మంటా అణగిపోతాయి, రంగు కూడా తేలుతుంది, అందుకే ముఖం అంత బాగా కనబడుతుంది. అదే పనిగా రాస్తే చర్మం పలచబడి, దానికి అలవాటు పడిపోతుంది. మానగానే ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. నాకు భోగినాడు జరిగింది అదే. "మీకు మందు పడకపోవడం కాదు, మందు మీకు అలవాటైపోయింది" అని ఆమె అన్న మాట చెవుల్లో అలాగే ఉంది.

కోపంతో "అసలు ఈ స్టెరాయిడ్లను ఎందుకు అమ్మనిస్తారండీ?" అని అడిగాను. ఆమె నా కోపాన్ని ఒప్పుకోలేదు. 1952లో మొదటిసారి చర్మానికి రాసే హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఫలితాలు ప్రకటించినప్పటి నుంచి, గజ్జి కాని దురదలతో, ఎగ్జిమాతో, సోరియాసిస్‌తో బాధపడేవాళ్లకు ఇవి ఎంత ఊరటనిచ్చాయో చెప్పింది. ఏది, ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు అన్నదే ముఖ్యమట. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబులోంచి పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఆ కొలత నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చిందని కూడా ఆమె చెప్పింది. నా కొత్త ట్యూబు అట్ట మీద ఎర్రటి నిలువు గీత ఉంది. మూడేళ్లుగా ఆ గీతను అలంకారం అనుకున్నాను. నీ ట్యూబు అట్ట ఉంటే తీసి చూడు.

నాకు ఆత్రం ఆగక, గోడ మీద బొమ్మ చూసి "లేజర్ చేసేయండి, లేదా ఆ పీలింగ్ ఏదో చేసేయండి, ఎంతైనా ఇస్తాను" అన్నాను. పలచబడిన చర్మం ఆ రెంటికీ ఓర్వదనీ, మనలాంటి చామనఛాయ చర్మానికి లేజర్ వేడి తగిలితే మంగు ఇంకా నల్లబడే ప్రమాదం ఉందనీ, ఆమె ససేమిరా అంది. డబ్బు ఇస్తానన్నా వద్దన్న ఆ క్షణంలోనే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

క్రీమ్ మానిపించి, స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూతమందు, కొన్ని వారాలకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు రాసింది. సబ్బు వద్దంది. వాసనా రంగూ లేని మాయిశ్చరైజరు, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, మంట లేచినప్పుడు చల్లటి తడిగుడ్డ, ఇంతే. బ్లీచింగు, ఫేషియలు, నిమ్మరసం, పసుపు కూడా ముఖం దరిదాపులకు రాకూడదు. "ముందు ఎక్కువవుతుంది, భయపడి మళ్లీ ఆ ట్యూబు ముట్టుకోకండి" అని ముందే హెచ్చరించింది.

ఎక్కువైంది చిట్టీ. మూడు వారాలు నరకం చూశాను. కొత్త మందు కూడా మొదట్లో మండేది. రాత్రి రెండు గంటలకు ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు కూర్చునేదాన్ని. ఒకరోజు రెండో తరగతి పాప దగ్గరికొచ్చి, "టీచర్, కందిరీగ కుట్టిందా? మా అమ్మ సున్నం రాస్తుంది" అంది. తలుపు చాటుకు వెళ్లి ఏడ్చాను. ఆ వారంలోనే నీ రెండో ఫొటో వచ్చింది. నీ ముఖం కూడా అచ్చం నా ముఖంలా మెరుస్తోంది. ఆ మెరుపు ఏమిటో అప్పటికి నాకు తెలుసు. ఫోను చేద్దామని తీసి, ఏమని చెప్పాలో తోచక... సరే, అది వదిలేయి.

ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో చూసినదొకటి చెప్పాలి. పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రవాడొకడికి నడుం చుట్టూ తామర. స్టెరాయిడూ, ఫంగస్ మందూ, యాంటీబయాటిక్కూ కలిపిన ట్యూబును ఎవరో చెబితే ఆరు నెలలు రాశాడట. దురద వెంటనే తగ్గేది కాబట్టి రాస్తూనే ఉన్నాడు, లోపల తామర పెరుగుతూనే ఉంది. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి గుర్తుపట్టలేకుండా అయింది. చర్మాన్ని కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూసి గానీ డాక్టరమ్మ మందు రాయలేదు. ఇంట్లో ఎవరి తువ్వాలు వారిదే కావాలనీ, దురద ఉన్నవాళ్లందరూ ఒకేసారి మందు వాడాలనీ అతని తల్లికి మూడుసార్లు చెప్పింది. ఆ తల్లి చేతిలో ఉన్న ఖాళీ ట్యూబుల కవరు చూస్తే, అది నాదే అనిపించింది.

నాలుగో నెల నుంచి నా మంట తగ్గింది. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడగలను. మంగు తిరిగొచ్చింది, దాచను. ముందున్నంతా ఉంది. దానికి ఇప్పుడు మచ్చ రంగును తగ్గించే అజిలాయిక్ ఆమ్లం పూత నెమ్మదిగా మొదలుపెట్టారు. ఎండే కాదు, మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుందట, అందుకని ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ ఇచ్చారు. రెండు వేళ్ల పొడవున తీసి ముఖానికీ మెడకూ రాయాలి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. నెలలు పడుతుంది, పూర్తిగా పోతుందన్న మాట ఇవ్వలేనని ఆమె సూటిగా చెప్పింది. నాకు చాలు. నిన్న సాయంత్రం పుష్కరాల రేవులో గోదావరి నీళ్లు దోసిట్లోకి తీసుకుని ముఖం కడుక్కున్నాను. చల్లగా తగిలాయి, అంతే, ఇంకేమీ జరగలేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని, ఇంటికెళ్లి నీకు ఉత్తరం రాయాలి అనుకున్నాను.

ఫోనులో చెబితే "నీకు పడలేదేమో, నాకు బాగానే ఉందిగా" అని నవ్వేస్తావు. నీ నవ్వు నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను, కాగితం మీద నవ్వలేవు. నువ్వు మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు, నా అంత దూరం రాలేదు. భయపడి నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఏదో ఒకటి చేయకు. మానే పద్ధతి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఈ వారంలోనే వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికో, మీ దగ్గరలో అర్హత ఉన్న చర్మ వైద్యులకో చూపించు. ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, వెంట తీసుకువెళ్లు. శనగపిండి అని చెప్పకు. ఎవరిచ్చారని అడిగితే నా పేరే చెప్పు.

ఇంకొకటి, మీ మరదలికి కూడా ఒక ట్యూబు ఇచ్చానని రాశావు కదా, ఆ అమ్మాయికి ఇప్పుడు ఎన్నో నెల? ఆమెకు ఈ రాత్రే ఫోను చెయ్యి. ట్రెటినాయిన్ ఉన్న పూత కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదని ట్యూబు మీదే... మీ అన్నయ్యగారు స్టేషనుకు బయలుదేరుతున్నారు, ఉత్తరం అక్కడి రైల్వే తపాలా ఆఫీసు ఆర్.ఎం.ఎస్.లో వేయిస్తాను. ముందు ఆ ఫోను చెయ్యి.

నీ
పండు