మధురపూడికి సాయంత్రం పెద్ద విమానం వేయించండి

పౌర విమానయాన శాఖ మంత్రిగారికి,

మధురపూడిలోని మా రాజమహేంద్రవరం విమానాశ్రయం రన్‌వే 3,165 మీటర్లకు పెరిగింది. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకు నేరుగా ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. తోక రంగు చూసి కంపెనీ పేరు చెప్పే మా బ్యాచ్‌కి అది పండగే.

కానీ మా కోనసీమవాళ్లకు కావాల్సింది గల్ఫ్ దారి. మొన్న కువైట్ బయల్దేరిన మా తమ్ముడు అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా కారులో మధురపూడి వచ్చాడు. హైదరాబాద్ వెళ్లే డెబ్బై చిల్లర సీట్ల చిన్న ఏటీఆర్ విమానం ఆలస్యమైంది, హైదరాబాద్‌లో కువైట్ విమానం వెళ్లిపోయింది. టికెట్లు వేరువేరు, డబ్బు గోవిందా! ఆత్రేయపురం పూతరేకుల డబ్బా మాత్రం మూలలు నలిగి వాడి ఒళ్లోనే ఉంది.

రూట్లు కంపెనీల ఇష్టమని తెలుసండీ. అయినా మీరు కూర్చోబెట్టి అడిగితే, సాయంత్రం హైదరాబాద్‌కి ఒక్క 180 సీట్ల విమానం, గల్ఫ్ దాకా ఒకే టికెట్‌తో, వేయరా?

ఇట్లు,
అమలాపురం నుంచి ఒక విమానాల పిచ్చోడు